సియాటెల్ మూడు చెత్త డబ్బాలు: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. అమెరికాలోని సియాటెల్ చెత్త రూల్స్‌లో నాకు బాగా నచ్చింది ఆకుపచ్చ డబ్బా, ఇప్పటికీ విసిగించేది ప్లాస్టిక్ వ్యవహారం. మిగతాదంతా అలవాటైపోతుంది.

సొంత ఇంటికి చక్రాలున్న డబ్బాలు మూడు ఉంటాయి. మామూలు చెత్తకి నల్లది, రీసైక్లింగ్‌కి నీలం, వంటింటి చెత్తకీ తోట చెత్తకీ కలిపి ఆకుపచ్చ. నల్లది, ఆకుపచ్చది వారం వారం తీసుకెళ్తారు. నీలం మాత్రం రెండు వారాలకోసారే, అందుకే ఆ వారం మర్చిపోతే అట్టపెట్టెలన్నీ గరాజ్‌లో పేరుకుపోతాయి. ఉదయం ఏడింటికల్లా డబ్బాలు రోడ్డు పక్కన ఉండాలి. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, న్యూ ఇయర్ వచ్చిన వారాల్లో, ఆ రోజు నుంచి బండి ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. వేరే సెలవులకి మార్పేమీ ఉండదు.

అసలు కిటుకంతా బిల్లులో ఉంది. రీసైక్లింగ్‌కి విడిగా చార్జీ లేదు. ఆకుపచ్చకి ఉంది కానీ నల్లదానితో పోలిస్తే తక్కువ. నల్ల డబ్బా ఎంత పెద్దదైతే బిల్లు అంత పెరుగుతుంది. 12 గ్యాలన్ల (గ్యాలన్ అంటే దాదాపు నాలుగు లీటర్లు) బుల్లి డబ్బా నుంచి 20, 32, అలా 96 గ్యాలన్ల దాకా సైజులున్నాయి. పక్కన ఇంకో సంచి పెడితే దానికి వేరే చార్జీ. మేం 32తో మొదలుపెట్టి, కొంతకాలానికి 20కి దిగాం. పర్యావరణం మీద ప్రేమ ఉందో లేదో గానీ, బిల్లు చూశాక మా ఇంట్లో అందరికీ వేరు చేయడం దానంతటదే వచ్చేసింది. మన ఊళ్లో పాత పేపర్లు తూకానికి వేసి డబ్బులు తీసుకున్న చేతులకి, చెత్త పారేయడానికి ఎదురు డబ్బు కట్టడం మొదట్లో కష్టంగానే ఉంటుంది.

ఇక ఆకుపచ్చ డబ్బా సంగతి. కూరగాయల తొక్కలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పిప్పి, పాడైన పప్పు, మాంసం, ఎముకలు, చేప ముళ్లు అన్నీ అందులోకే. జిడ్డు పట్టిన పిజ్జా అట్ట, చేతులు తుడుచుకున్న పేపర్ టవల్ కూడా వేయొచ్చు. పెరట్లో సొంతంగా కంపోస్ట్ చేసేవాళ్లు ఎముకలు వద్దంటారు, అక్కడ అంత వేడి పుట్టదు కాబట్టి. ఇక్కడిది పెద్ద ఎత్తున చేసే కంపోస్ట్, వేడి బాగా ఎక్కుతుంది. చివరికి అదే ఎరువు సంచుల్లో దుకాణాలకి వస్తుంది. మా టమాటా మొక్కలకి కొని వేసేదీ అదే. మన తొక్కలు మనమే డబ్బిచ్చి వెనక్కి కొనుక్కుంటున్నాం అని మా ఆవిడ నవ్వుతుంది.

తిండి పదార్థాలు నల్ల డబ్బాలో వేయకూడదని 2015 నుంచి ఇక్కడ చట్టమే ఉంది. చెత్తలో పది శాతానికి మించి తిండి కనిపిస్తే డబ్బాకి హెచ్చరిక ట్యాగ్ తగిలించేవారు. వారంటు లేకుండా జనం చెత్త తరచి చూడడం రాజ్యాంగానికి విరుద్ధమని 2016లో కోర్టు చెప్పింది. తనిఖీ పోయింది గానీ రూల్ పోలేదు. చెత్తకీ ప్రైవసీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఎండాకాలంలో వాసన, చిన్న ఈగలు తప్పవు. చేప వండిన రోజు ముళ్లు ఒక పేపర్ సంచిలో చుట్టి ఫ్రీజర్లో పెట్టి, బండి వచ్చే రోజు పొద్దున డబ్బాలో వేయడమే మాకు పనికొచ్చిన మందు. మా అత్తగారు వచ్చినప్పుడు మాత్రం ఇది కుదరదు. "ఫ్రీజర్లో ముళ్లేంటమ్మా!" అని వాటిని అప్పటికప్పుడు బయటికి పంపేస్తారు. పూజ పువ్వులైతే ఆవిడ అసలు ఆ డబ్బాలో వేయనివ్వరు. ఎముకలతో నిర్మాల్యమా? అవి గులాబీ మొక్క మొదట్లోకి వెళ్తాయి. ఈ విషయంలో ఆవిడతో నాకు ఏ పేచీ లేదు.

ప్లాస్టిక్ దగ్గరికి వస్తేనే తలనొప్పి. సీసాలు, డబ్బాలు, పెరుగు టబ్బులు కడిగి నీలంలో వేయొచ్చు. అడుగున ముద్రించిన త్రికోణం, నంబరు చూసి నమ్మకండి, ఇక్కడ లెక్క ఆకారాన్ని బట్టి. పలచటి కవర్లు 2020 నుంచి నీలంలో తీసుకోవడం లేదు. కాబట్టి బియ్యం బస్తా, పప్పు ప్యాకెట్లు, మిక్స్చర్ ప్యాకెట్లు అన్నీ నల్లదాంట్లోకే. మూడంగుళాల కంటే చిన్న విడి మూతలదీ అదే దారి. మన ఇళ్లలో నల్ల డబ్బా నింపేది ఇండియన్ గ్రాసరీస్ కవర్లే అని నా గట్టి నమ్మకం. ఆవకాయ సీసా కడగడం వేరే కథ. నూనె జిడ్డు వదలడానికి పట్టే వేడి నీళ్లు చూస్తే, ఆ గాజుని రీసైకిల్ చేసి ఏం మిగిల్చామా అనిపిస్తుంది. అందుకే ఇప్పుడు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, ఆ టవల్ ఆకుపచ్చలో వేసి, ఆ తర్వాతే సీసా కడుగుతున్నాను. గారెలు వేయించిన నూనె సింకులో పోయకండి, పైపు మూసుకుపోతుంది.

బ్యాటరీలు చెత్తలో వేయకూడదు. హ్యాలర్ లేక్ దగ్గరా, సౌత్ పార్క్‌లోనూ ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలున్నాయి, ఇళ్లవాళ్ల దగ్గర ఉచితంగా తీసుకుంటారు. మేం ఒక పాత డబ్బాలో పోగేసి ఎప్పుడో ఒకసారి ఇచ్చి వస్తాం.

నల్ల డబ్బాలో వేసినదంతా రైలెక్కి ఒరెగాన్‌లోని ఆర్లింగ్టన్ దగ్గర డంపింగ్ యార్డుకి పోతుంది. అంటే మన మిక్స్చర్ ప్యాకెట్ పక్క రాష్ట్రం చూడ్డానికి వెళ్తుందన్నమాట, తిరిగి మాత్రం రాదు.

పక్క ఊళ్లు బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లో ఉండేవాళ్లు ఇదంతా చదివి పాటించకండి, ఏ ఊరి రూల్స్ ఆ ఊరివి. సియాటెల్‌లోనే ఇల్లు తీసుకుంటున్నవాళ్లకి నా సలహా: నలుగురున్న ఇంటికి, వంట రోజూ చేసేవాళ్లయితే, 20 గ్యాలన్ల నల్ల డబ్బా చాలు. డైపర్లు వేసే పిల్లలుంటే అవన్నీ నల్లదాంట్లోకే కాబట్టి డైపర్లు మానేదాకా 32 ఉంచుకోండి.