మొదటి బండి: స్కూటరా, గేర్ బైకా?

ఎప్పుడూ బండి ముట్టనివాళ్లకు యాక్టివా లాంటి స్కూటరే సులువు. యాక్సిలరేటర్ తిప్పితే కదులుతుంది, రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి. కాకపోతే వెనక చక్రం 10 అంగుళాలే, గుంతలో పడితే నడుముకు తెలుస్తుంది.

స్ప్లెండర్‌కు 18 అంగుళాల చక్రాలు, 4 గేర్లు. మొదటి వారమంతా క్లచ్‌తోనే సరిపోతుంది, ఇంజిన్‌ను చక్రంతో కలిపేది, విడదీసేది అదే. ఎడమచేత్తో క్లచ్ లివర్ మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి చిన్నగా వణికి ముందుకు లాగుతుంది. ఆ చోటు చేతికి అలవాటయ్యేదాకా ఇంజిన్ ఆగిపోతూనే ఉంటుంది, టెన్షన్ పడకండి. హెల్మెట్ పట్టీ బిగించుకుని, ఖాళీ గ్రౌండ్‌లో ఇదే పదేపదే చేయండి.

గేర్ లేని బండి లైసెన్సుతో గేర్ బైక్ నడపకూడదు, గేర్ లైసెన్సు ఉంటే స్కూటర్ కూడా నడపొచ్చు. అందుకే నేనైతే గేర్ బైక్ మీదే నేర్చుకోమంటాను. రోజూ కూరగాయల మార్కెట్ దాకానే అయితే స్కూటర్ చాలు.