తాళం వేసి ఊళ్లు తిరిగేవాళ్లకి ఋషికొండ దగ్గర అద్దె ఇల్లు: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

సైట్ కమిషనింగో, ఫార్మా ఆడిటో, ఓడ మీద కాంట్రాక్టో, ఏదైతేనేం, నెలలో సగం రోజులు ఇంటికి తాళమే. ఉన్న నాలుగు రోజులూ మాత్రం తెల్లారేసరికి ఋషికొండ బీచ్ నీళ్లలో ఉండాలి. ఈ రెండూ కుదరాలనుకునేవాళ్లు విశాఖలో ముందుగా వెతికేది బీచ్ రోడ్డు మీద సీ వ్యూ ఫ్లాట్. సాగర్‌నగర్, ఋషికొండల్లోనూ, ఇటు ఎండాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపూ అద్దెకుండి చూశాక చెబుతున్నాను: ఇల్లు కొండలకి పడమర, హైవే వైపు తీసుకోండి. సముద్రం మూడు నాలుగు కిలోమీటర్లు దూరమైనందుకు మీకు తగ్గేదేమీ ఉండదు. తాళం వేసిన ఇల్లు మాత్రం ఉప్పుగాలికి దూరమయ్యేకొద్దీ బతుకుతుంది.

ఎందుకు తగ్గదంటే, అలల ఆటకైనా ఈతకైనా ఇక్కడ మంచి సమయం పొద్దున ఆరు నుంచి ఎనిమిది. రాత్రంతా చల్లబడిన నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంటుంది కాబట్టి అల నున్నగా లేస్తుంది. తొమ్మిది దాటి ఎండెక్కాక గాలి తిరగబడుతుంది, నీళ్లన్నీ చెల్లాచెదురు. ఆ పొద్దున వేళ ఎండాడ నుంచి లా కాలేజీ రోడ్డు మీదుగా దిగినా, మధురవాడ నుంచి ఐటీ హిల్స్ మీదుగా వెళ్లినా రోడ్డు ఖాళీ. బండి మీద పది పన్నెండు నిమిషాల పని. ఆదివారం సాయంత్రం తెన్నేటి పార్కు నుంచి ఋషికొండ దాకా కార్లు ముక్కూ తోకా ఆనించి నిలబడతాయి, కానీ ఆ వేళకి మీకు అక్కడ పనేంటి? బీచ్ రోడ్డు ఇంట్లో ఉన్నవాళ్లకి అదే రద్దీ గుమ్మం ముందు ఉంటుంది, ఆదివారం రాత్రి రైలుకి బయల్దేరాల్సి వస్తే అసలు బాధ తెలుస్తుంది.

ఇక ప్రయాణాల సంగతి. మధురవాడ నుంచి విశాఖ జంక్షన్ పదిహేను కిలోమీటర్ల దరిదాపు. సికింద్రాబాద్ వెళ్లే పొద్దుటి వందే భారత్ ఆరులోపే కదులుతుంది, ఆ వేళకి అరగంట చాలు. సాయంత్రం రైళ్లకి మాత్రం హనుమంతవాక, మద్దిలపాలెం జంక్షన్లు దాటాలి కాబట్టి గంట ముందే ఇల్లు కదలాలి. టికెట్ తీసేటప్పుడు ఎక్కే స్టేషన్ పేరు చూసుకోండి. విశాఖ స్టేషన్‌లోకి వస్తే ఇంజన్ అటు నుంచి ఇటు మార్చాల్సి వస్తుందని కొన్ని దూరప్రయాణ రైళ్లు లోపలికి రాకుండా దువ్వాడలో ఆగి పోతాయి. దువ్వాడ ఊరికి ఆ చివర, గాజువాక దాటాక. మన వైపు నుంచి అర్ధరాత్రి అక్కడికి ఆటోలో వెళ్తే ఏసీ టికెట్లో మిగిలిందంతా ఆటోకే పోతుంది.

విమానాల లెక్క ఇంకా స్పష్టం. నేవీ రన్‌వే మీది పాత విమానాశ్రయం ఎన్‌ఏడీ జంక్షన్ అవతల ఉంది, మధ్యలో ఊరంతా దాటాలి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన కొత్తది దానికి సరిగ్గా ఎదురు దిక్కు. కొమ్మాది నుంచి అదే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆనందపురం, తగరపువలస మీదుగా సుమారు 30 కిలోమీటర్లు, ఊరి సిగ్నళ్లు ఒక్కటీ తగలవు. కారులో అనకాపల్లి, రాజమండ్రి వైపు వెళ్లేవాళ్లకి ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా ఆరు వరసల బైపాస్ ఉంది. బస్సులైతే హైవే మీద తగరపువలస వెళ్లే 222, బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్లే 900కె. పెట్టెతో ఎక్కడానికి 222 నయం. పీఎం పాలెంలో ఇల్లు చూసేవాళ్లు క్రికెట్ స్టేడియం ఉందని మర్చిపోవద్దు. మ్యాచ్ రోజున మధ్యాహ్నం నుంచే దారి మళ్లింపులు మొదలవుతాయి.

అద్దెలో తేడా కూడా చిన్నదేం కాదు. కొమ్మాది, మధురవాడ లోపలి వీధుల్లో రెండు పడకగదుల ఫ్లాట్ పదిహేను వేలకి అటూ ఇటూ దొరుకుతుంది. అదే సైజు ఋషికొండలో సముద్రం కనబడితే చాలు, బాగా పైకి పోతుంది. ఆ పైన పెట్టిన డబ్బుకి మీరు చూసే సముద్రం నెలలో పది పన్నెండు రోజులే. మిగతా రోజులు సముద్రమే మీ ఇంటిని చూస్తుంది, అదే సమస్య.

ఉప్పు ఏం చేస్తుందో ఏసీ బయటి యూనిట్ దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. గ్యాస్ నడిచే గొట్టం రాగి, దాని చుట్టూ రేకులు అల్యూమినియం. ఈ రెండు లోహాలూ తాకే చోట ఉప్పుతేమ చేరితే సన్నటి కరెంటు పుట్టి అల్యూమినియం తినుకుపోతుంది. మొదట రేకుల అంచుల మీద తెల్లటి పొడి. తర్వాత వేలు తగిలితే రేకు రాలిపోతుంది. వేడి బయటికి పోక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. చివరికి వెల్డింగ్ వంపుల దగ్గర సన్నని కారుడు మొదలై గ్యాస్ పోతుంది. మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి పోతాడు, రెండు నెలలకి మళ్లీ అదే పాట. నీలం పూత రేకులున్న యూనిట్ కొంత ఎక్కువ కాలం నిలుస్తుంది, అంతకన్నా పనికొచ్చేది దాన్ని పడమటి గోడకి పెట్టడం. నెలకోసారి మెయిన్ ఆపి, మంచినీళ్ల పైపుతో మెల్లగా కడగాలి. బండ్లు కడిగే ప్రెషర్ వాషర్ పెడితే రేకులు వంగిపోతాయి. స్టాండు బోల్టులు కూడా వంగి చూడండి. యాంగిల్ బాగానే కనబడుతుంది, గోడలోకి దిగిన బోల్టు మాత్రం సగానికి సన్నబడి ఉంటుంది. ఆరో అంతస్తు నుంచి అది ఊడిందంటే కింద ఎవరున్నారో దేవుడికే తెలియాలి.

కిటికీ గ్రిల్స్‌కి ఇనుముంటే బీచ్ రోడ్డులో ఏటా పెయింటింగే. 80 నంబరు ఎమెరీ కాగితంతో తుప్పు మెరిసేదాకా గీకి, అదే రోజు ప్రైమర్ కొట్టి, ఆపైన రెండు కోట్లు వేయాలి. గీకిన గ్రిల్‌ని రాత్రంతా వదిలేస్తే పొద్దునకి మళ్లీ ఎర్రబడుతుంది. కొండకి ఇవతల అదే పెయింటు రెండు మూడేళ్లు ఆగుతుంది. బాల్కనీ రెయిలింగ్ స్టీలేనని ఓనరు గర్వంగా చెబితే గ్రేడు అడగండి. 202 అయితే ఏడాదిలో టీ మరకల్లాంటి గోధుమ చారలు, 304 అయితే కొంత మేలు, సముద్రానికి ఎదురుగా నిలిచేది 316. కిటికీలు గట్టి ప్లాస్టిక్ (యూపీవీసీ)వి ఉంటే వదలొద్దు, కానీ లోపలి కీళ్లు ఇనుపవైతే పైపైన బాగుండి తలుపు బిగుసుకుపోతుంది. తీసి మూసి చూడండి. కరెంటు ట్రిప్ స్విచ్‌లుండే ఎంసీబీ పెట్టె మూత కూడా తెరిపించండి. స్క్రూల దగ్గర పచ్చటి చిలుము కనబడితే అక్కడ కనెక్షన్ వదులై వేడెక్కుతోందని అర్థం. చిలుము తీయించి బిగించకుండా ఆ ఇంటికి తాళం వేసి వెళ్లడం కొరివితో తల గోక్కోవడమే.

తాళం వేసేముందు చేసే పనుల్లో నూటికి తొంభైమంది చేయనిది ఒకటుంది. బాత్రూం జాలీల కింద గొట్టం వంపులో రెండంగుళాల నీళ్లు నిలిచి డ్రైనేజీ వాసనని, బొద్దింకల్ని ఆపుతుంటాయి. మూడు వారాలు ఎవరూ వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. అందుకే తిరిగొచ్చేసరికి ఇల్లంతా కంపు. వెళ్లే రోజు ప్రతి జాలీలో మగ్గు నీళ్లు పోసి, దాని మీద ఒక చెంచా వంటనూనె వేయండి. నూనె పైన తేలి నీటిని ఆవిరి కానివ్వదు. జాలీ మీద ఒక బరువైన పళ్లెం బోర్లించండి. వాష్ బేసిన్, వంటింటి సింకు కూడా ఇదే కోవ.

ఇన్వర్టర్ దగ్గర పొరపాటు ఇంకోలా జరుగుతుంది. జాగ్రత్త అనుకుని మెయిన్ ఆపేసి వెళ్తారు, వైఫై పెట్టె మాత్రం ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి అలాగే వారాలు పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఇక నిండా ఛార్జి ఎక్కదు. డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాకా నింపి, ఇన్వర్టర్‌కి వచ్చే లైను ఆన్‌లో ఉంచి, దాని మీది లోడ్లన్నీ ఆపండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు సందులో మడతపెట్టిన తువ్వాలు ఇరికించి వదలండి. ఆర్వో ట్యాంకు ఖాళీ చేయండి, వచ్చాక మొదటి రెండు ట్యాంకులు పారబోయండి. బీరువాల తలుపులు బెత్తెడు తెరిచే ఉంచండి. ఆగస్టు నుంచి నవంబరు దాకా తోలు బూట్లకి, బెల్టులకి పచ్చటి బూజు ఖాయం. పరుపు గోడకి ఆనకుండా చూడండి. మన రాష్ట్ర పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సేవలో ఊరెళ్లేముందు నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో నిఘా కెమెరా పెట్టే ఏర్పాటు ఉంది, మీ స్టేషన్‌లో అడగండి. కరెంటు బిల్లుకి ఆటో పే పెట్టేయండి.

ఇల్లు ఏప్రిల్, మే నెలల్లోనే చూడండి. బోరు నీటి అసలు రుచి అప్పుడే తెలుస్తుంది. వానాకాలంలో తియ్యగా ఉన్న బోరే ఎండలకి ఉప్పెక్కుతుంది, సముద్రం ఒడ్డున ఇంకా ఎక్కువ. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు, కొన్ని వందల రూపాయలది, జేబులో వేసుకుని వెళ్లి కుళాయి కింద ముంచండి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటికి లీటరుకి 500 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆ పైన చూపిస్తే ఇంట్లో గీజర్ ట్యాంకు, షవర్ రంధ్రాలు ఎలా ఉన్నాయో కూడా చూడండి. మున్సిపల్ నీళ్లు ఏ రోజు, ఎంతసేపు వస్తాయి, వేసవిలో ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా పంచుతారా అని ఓనర్ని కాకుండా వాచ్‌మన్‌ని అడగండి.

ఎండాడలో, ఋషికొండ వెనక కొండ తొలిచి కట్టిన అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. వెనక రాతిగోడ ఉంటే దానిలో నీరు బయటికి కారే రంధ్రాలున్నాయా, అవి మట్టితో పూడుకుపోయాయా చూడండి. రంధ్రాలు లేని గోడ వెనక వాన నీరు నిలిచి బరువంతా గోడ మీద పడుతుంది. తుపాన్ల సంగతి విశాఖవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఊరి మీదే తీరం దాటింది, తూర్పు గాజు కిటికీలున్న ఇళ్లు ఏమయ్యాయో అందరూ చూశారు. అక్టోబరు, నవంబరుల్లో ఊరెళ్తుంటే బాల్కనీ నీటి గొట్టం మూతి దగ్గర ఆకులు తీసేయండి. అది మూసుకుంటే ఒక్క రాత్రి వానకి నీళ్లు గుమ్మం దాటి పడకగదిలోకి వస్తాయి, తుడిచేవాళ్లుండరు.

ఆట సామానుకి కావాల్సినవి రెండే. సెల్లార్‌లో కుళాయి, నీడ పడే గోడ. ఇసుక కాళ్లతో పైకెక్కి బాత్రూంలో కడిగితే ఆ ఇసుకంతా జాలీ వంపులో కూర్చుని గట్టిపడుతుంది, ప్లంబర్ వచ్చి తవ్వాల్సిందే. కిందనే బకెట్లో కాళ్లు, బోర్డు కడిగి, ఆ నీళ్లు మొక్కలకి పోయకుండా కాలవలో పోయండి, ఉప్పుకి మొక్క చస్తుంది. సర్ఫ్‌బోర్డుని పడమటెండ తగిలే బాల్కనీలో వదిలితే లోపలి ఫోమ్ నుంచి పై పొర లేచిపోతుంది. కొత్తవాళ్లు నీళ్లలో దిగడానికి శుభ్రత, భద్రతలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన ఋషికొండ భాగం మంచిది, లైఫ్‌గార్డులు, స్నానాలకి షవర్లు ఉంటాయి. ఆర్కే బీచ్‌లో, యారాడలో లోపలికి లాగే ప్రవాహం ఎక్కువ. లాగినప్పుడు ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడే పక్కకి ఈది బయటపడాలి. వేసవి చివర నుంచి సెప్టెంబరు దాకా అలలు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈత.

పదికి మార్కులేస్తే ఎండాడకి ఎనిమిది, సముద్రానికి దగ్గర, అద్దె కొంచెం ఎక్కువ. కొమ్మాదికి ఎనిమిదిన్నర, భోగాపురం విమానాలు ఎక్కేవాళ్లకి తొమ్మిది. పీఎం పాలెంకి ఏడు. సాగర్‌నగర్‌కి ఐదున్నర, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటే మాత్రం ఏడు. ఉద్యోగం పరవాడ ఫార్మా సిటీలోనో అచ్యుతాపురంలోనో ఉండి, రోజూ అక్కడికి పోవాల్సినవాళ్లు ఈ సమీక్షంతా పక్కన పెట్టేయండి, అవి ఊరికి ఆ చివర.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. అడ్వాన్సు ఇక్కడ రెండు మూడు నెలల అద్దె. కాగితంలో మూడు మాటలు విడిగా రాయించుకోండి: గ్రిల్స్ పెయింటింగ్ ఎవరిది, ఓనరు పెట్టిన ఏసీ కాయిల్ పోతే ఎవరిది, మీరు లేనప్పుడు పైపు పగిలితే తాళం తీయడానికి రెండో చెవి ఎవరి దగ్గర ఉంటుంది. చేరే రోజు గ్రిల్స్‌కి, బయటి యూనిట్‌కి, కుళాయిలకి ఫొటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపి ఉంచండి. ఖాళీ చేసే రోజున తుప్పు ఎవరి ఖాతాలో పడాలో ఆ ఫొటోలే తేలుస్తాయి.