డిప్లొమసీ: పాచికలు లేని యుద్ధం

యుద్ధం మీద వచ్చిన బోర్డు గేముల్లో నాకు బాగా నచ్చింది డిప్లొమసీయే. 1959లో అమ్మకానికి వచ్చిన ఈ ఆటలో పాచికలుండవు, చీటీలు తీసి దేశాలు పంచుకోవడంతోనే అదృష్టం పని అయిపోతుంది. యూరప్ మ్యాపు, ఏడు దేశాలు, 34 సప్లై సెంటర్లు (ఎన్ని పడితే అన్ని సైన్యాల్ని నిలుపుకోగలిగే ప్రాంతాలు), వాటిలో 18 పట్టినవాళ్లదే గెలుపు. అందరూ తమ సైన్యాలకిచ్చే ఆర్డర్లు చాటుగా రాసి ఒకేసారి బయటపెడతారు, అసలు టెన్షన్ అక్కడే!

మీ వంతుకి ఆస్ట్రియా వస్తే మాత్రం ముందు ఇటలీతో మాట్లాడుకోండి, ఎందుకంటే వెనిస్‌లో వాళ్ల సైన్యం మీ ట్రియెస్టెని ఆనుకునే ఉంటుంది, అటు ఒప్పందం కుదిరితేనే బుడాపెస్ట్ సైన్యాన్ని ధైర్యంగా సెర్బియాకి పంపి, వియన్నా సైన్యంతో గలీషియాలో రష్యాని అడ్డుకోవచ్చు. మాట తప్పడం రూల్స్ ప్రకారం తప్పేం కాదు, కానీ ఆటలో మొదటి ఏడాదే తప్పితే తర్వాత మిమ్మల్ని ఎవరూ నమ్మరు. ఏడుగురు దొరకడం కష్టమే, గంటలకు గంటలు పడుతుంది. అయినా కొనండి.