స్కీమ్‌లో మాక్రో రాయాలంటే: డిఫైన్-మాక్రోనా, సింటాక్స్-రూల్సా?

స్కీమ్ అనేది లిస్ప్ కుటుంబానికి చెందిన ప్రోగ్రామింగ్ భాష. మాక్రో అంటే రాసిన కోడ్‌ని నడిచేముందే వేరే కోడ్‌గా విస్తరించేది; దాన్ని రాయడానికి డిఫైన్-మాక్రో ఒక దారి, నమూనాలు ఇచ్చి రాసే సింటాక్స్-రూల్స్ ఇంకో దారి. అదే కుటుంబంలోని కామన్ లిస్ప్ అలవాటుతో స్కీమ్‌కి వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "డిఫైన్-మాక్రో ఉండగా ఈ సింటాక్స్-రూల్స్ తలనొప్పి దేనికండీ?" అడగడంలో తప్పులేదు. డిఫైన్-మాక్రోకి కోడ్ అంటే లిస్టే. కార్ (లిస్టులో మొదటిది), కడర్ (మిగతాది) లతో విప్పి, ఖాళీలున్న అచ్చులాంటి బ్యాక్‌కోట్‌తో మళ్లీ కట్టి ఇచ్చేస్తాం. స్కీమ్‌ని నడిపే గైల్, గాంబిట్ రెండిట్లోనూ ఇది ఉంది, స్కీమ్ ప్రమాణంలోకి మాత్రం ఎక్కలేదు.

దీంతో రెండు వేరియబుల్స్ విలువలు తారుమారు చేసే స్వాప్! రాసి, లోపల తాత్కాలికంగా టెంప్ అనే పేరు వాడామనుకోండి. ఎవరైనా (స్వాప్! టెంప్ మిగులు) అని పిలిస్తే రెండు టెంప్‌లూ ఒకటైపోతాయి; ఎర్రర్ రాదు, విలువలూ మారవు. దీనికి ఎవరూ వాడని కొత్త పేరు పుట్టించే జెన్‌సిమ్ ఉందిగా అంటారు. నిజమే, ఇక్కడివరకు సరిపోతుంది.

నా లెక్కలో తేల్చేది ఇంకొకటి. మాక్రో విస్తరించాక వచ్చే కోడ్ లిస్ట్ అనే ప్రొసీజర్‌ని (అంటే ఫంక్షన్‌ని) పిలుస్తుంది. వాడేవాడేమో తన పారామీటర్‌కే లిస్ట్ అని పేరు పెట్టుకున్నాడు (పెట్టుకోనివాడెవడు?). కామన్ లిస్ప్‌లో ఫంక్షన్ల పేర్లు వేరు, వేరియబుల్స్ పేర్లు వేరు కాబట్టి అక్కడ ఇది అంతగా కరవదు. స్కీమ్‌లో అన్నీ ఒకే బుట్టలో ఉంటాయి. నా లాగింగ్ మాక్రో సరిగ్గా ఇలాగే పడిపోయింది. ప్రొసీజర్ కానిదాన్ని పిలిచావని ఎర్రర్. తీరా ఆ లైన్ చూస్తే లిస్ట్‌ని పిలిచిన ఆనవాలే లేదు. ఓ సాయంత్రమంతా దానికే పోయింది. జెన్‌సిమ్ కొత్త పేర్లు పుట్టిస్తుందే గానీ, పాత పేరుకి అడ్డొచ్చినవాణ్ని పక్కకి జరపలేదు. సింటాక్స్-రూల్స్‌లో ఆ బెడద లేదు. మాక్రో రాసిన చోట లిస్ట్ అంటే ఏమిటో, విస్తరించిన చోటా అదే. స్కీమ్ ప్రమాణాలైన 1998 నాటి ఆర్5ఆర్ఎస్‌లోనూ 2013 నాటి ఆర్7ఆర్ఎస్‌లోనూ ఉన్నది ఇదే.

సింటాక్స్-రూల్స్‌కీ ఓ కుంటితనం ఉంది: రెండు పేర్లు అతికించి మూడోది చేయలేదు. ఖాతా, నిల్వ అని ఇస్తే ఖాతా-నిల్వ పుట్టదు. ఎస్ఆర్ఎఫ్ఐ 9 (స్కీమ్‌కి చేర్పుగా వచ్చిన ఒక ప్రతిపాదన) రికార్డుల్లో రికార్డుని తయారుచేసే కన్‌స్ట్రక్టర్, ఇది ఆ రికార్డేనా అని చెప్పే ప్రెడికేట్, ఒక్కో ఫీల్డు విలువ తీసిచ్చే యాక్సెసర్ పేర్లన్నీ మనమే చేత్తో రాసేది అందుకే అనిపిస్తుంది. ఆ రెండు ప్రమాణాల మధ్య వచ్చిన ఆర్6ఆర్ఎస్‌లోనైతే (డిఫైన్-రికార్డ్-టైప్ ఖాతా (ఫీల్డ్స్ పేరు నిల్వ)) చాలు, మేక్-ఖాతా, ఖాతా?, ఖాతా-పేరు, ఖాతా-నిల్వ వాటంతటవే వస్తాయి. ఇలాంటిది మనం రాసుకోవాలంటే సింటాక్స్-కేస్ అనే ఇంకో మాక్రో పద్ధతి పట్టుకుని, డేటమ్->సింటాక్స్‌తో పేరు కట్టాలి. అలాంటి అవసరం పడినప్పుడే అటు వెళ్లండి.

స్కీమ్‌ని నడిపే ఇంకొకటైన చికెన్‌లో ఈఆర్-మాక్రో-ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది; అందులో మాక్రో వాడే ప్రతి పేరునీ రీనేమ్‌తో మనమే కాపాడుకోవాలి. ఒక్కచోట రీనేమ్ మరిచారా, లిస్ట్ గొడవ మళ్లీ మొదటికే.

నా రికార్డులన్నీ ఇప్పటికీ ఎస్ఆర్ఎఫ్ఐ 9 పద్ధతిలోనే ఉన్నాయి, పేర్లన్నీ టైప్ చేసి మరీ. ఖాతా-నిల్వ ఎక్కడ పుట్టిందో గ్రెప్ (ఫైళ్లలో పదం వెతికే కమాండ్) కొడితే ఆ లైన్ దొరుకుతుంది.