నిల్వ పెట్టెలను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక: డూప్లికేట్ల జాబితాను నమ్మి మేము పోగొట్టుకున్నవి

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో పాత కాగితాలను స్కాన్ చేసి భద్రపరిచే చిన్న దుకాణం నడుపుతున్నాను. ఆస్తి దస్తావేజులు, కుటుంబ పత్రాలు, ఈ జిల్లాలోని సంగీత విద్వాంసుల ఇళ్లలో మిగిలిన చేతిరాత స్వరపు పుస్తకాలు మా దగ్గరకు వస్తుంటాయి. అవన్నీ నెట్‌వర్క్‌కు కలిపిన ఒక నాస్ పెట్టెలో, అంటే దుకాణంలోని కంప్యూటర్లన్నీ పంచుకునే డిస్కుల పెట్టెలో ఉంటాయి. మొత్తం సుమారు 3.4 టెరాబైట్లు, 1,30,000 ఫైళ్లు. పెట్టె నిండిపోవచ్చిందని, ఏ ఫోల్డర్ ఎంత స్థలం తింటున్నదో, ఏ ఫైళ్లు రెండేసి సార్లు ఉన్నాయో చూపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఏడాది లైసెన్సుతో కొన్నాను. ఆ కొనుగోలు వల్ల జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

సిరిమాను పండగకు దుకాణం మూసిన రోజున తనిఖీ నడిపించాము. నలభై నిమిషాల్లో రంగురంగుల పటాలతో నివేదిక వచ్చింది. అందులో దాదాపు 5,800 ఫైళ్లు డూప్లికేట్లనీ, వాటిని తీసివేస్తే 150 గిగాబైట్లకు పైగా ఖాళీ అవుతుందనీ ఉంది. ఒకే ఫోల్డర్‌ను పొరపాటున రెండు చోట్ల కాపీ చేసిన సందర్భాలు మాకు ఉన్నాయి కనుక ఆ సంఖ్య నాకు వింతగా తోచలేదు. ఒక్కొక్క ప్రతిని ఉంచి మిగిలినవి తొలగించే మీట ఆ నివేదికలోనే ఉంది. నా అనుమతితోనే మా అబ్బాయి దాన్ని నొక్కాడు.

పోయినవి డూప్లికేట్లు కావు. దుకాణం పెట్టిన తొలి ఏడాది స్కాన్ చేసిన అరవై స్వరపు పుస్తకాల పేజీలు. అప్పట్లో ప్రతి పుస్తకానికీ వేరే ఫోల్డర్ పెట్టి, లోపలి పేజీలకు 001, 002 అని వరుసగా పేర్లు ఇచ్చేవాళ్లం. ఏ4 కాగితాన్ని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద రంగుల్లో, కుదించకుండా టిఫ్ అనే బొమ్మ ఫైలుగా దాస్తే నిలువునా 3,508, అడ్డంగా 2,480 చుక్కలు, చుక్కకు మూడు బైట్ల చొప్పున సుమారు 2.6 కోట్ల బైట్లు వస్తాయి. పేజీ మీద భైరవి వర్ణం ఉన్నా, ఖాళీ గీతలే ఉన్నా ఫైలు పరిమాణం మారదు. పేరూ, పరిమాణమూ ఒకటైతే ఫైలు కూడా ఒకటేనని ఆ సాఫ్ట్‌వేర్ తేల్చింది. మొదటి పుస్తకంలోని 001ని ఉంచి, తక్కిన పుస్తకాలన్నింటి 001లను డూప్లికేట్లుగా తొలగించింది.

ఇటువంటి సాఫ్ట్‌వేర్ నిజానికి ఏం చదువుతుందో అమ్మేవారు చెప్పరు, మనం అడగము. మామూలు తనిఖీలో అది ఏ ఫైలునూ తెరవదు. ఒక్కొక్క ఫోల్డర్ తలుపు తట్టి, లోపల ఉన్న ఫైళ్ల పేరు, పరిమాణం, మార్చిన తేదీ, యజమాని, ఎవరికి అనుమతి ఉంది అన్న వివరాలు మాత్రం రాసుకుంటుంది. అందుకే ఆ పనికి పట్టే సమయం టెరాబైట్ల మీద కాక, ఫైళ్ల లెక్క మీద ఆధారపడుతుంది. రెండు ఫైళ్లు అక్షరాలా ఒకటేనని చెప్పాలంటే మాత్రం వాటిని మొదటి నుంచి చివరి వరకు చదివి, షా-256 వంటి పద్ధతిలో ప్రతిదానికీ ఒక వేలిముద్ర (లోపలి విషయాన్ని బట్టి లెక్కకట్టే చిన్న గుర్తు) తీసి పోల్చాలి. సరిగా రాసిన సాఫ్ట్‌వేర్ ముందు పరిమాణాలు పోల్చి, సమానంగా ఉన్నవాటికే ఈ శ్రమ పడుతుంది. మా ఫైళ్లలో ఎక్కువ భాగం ఒకే పరిమాణం కనుక దాదాపు అన్నింటినీ చదవవలసిందే. ఒక గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు రమారమి 110 మెగాబైట్లు నడుస్తాయి. ఆ లెక్కన 3.4 టెరాబైట్లకు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. పాత 100 మెగాబిట్ స్విచ్ ఉంటే మూడు రోజులు దాటుతుంది. నలభై నిమిషాల్లో పూర్తయిందంటే అది ఏ ఫైలూ తెరిచి చూడలేదన్నమాట. ఈ లెక్క ఆ రోజే వేసి ఉంటే ఇది రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

కొనేముందు చూపిన ప్రదర్శన కూడా నన్ను తప్పుదారి పట్టించింది. అమ్మే సంస్థ నుంచి వచ్చినాయన తన ల్యాప్‌టాప్‌లోని డిస్కును నిమిషంలోపే తనిఖీ చేసి చూపారు. విండోస్ డిస్కులో ఫైళ్లన్నింటి వివరాలు ఒకే పట్టికలో ఉంటాయి, దాన్ని నేరుగా చదివితే పని క్షణాల్లో అవుతుంది. నెట్‌వర్క్ అవతల ఉన్న పెట్టెలో ఆ పట్టిక మన చేతికి రాదు. ప్రదర్శన చూస్తే మీ సొంత పెట్టె మీదే చూడండి.

తర్వాత ఒక్కొక్కటిగా గమనిస్తే నివేదికలో మరికొన్ని గడులు కూడా నమ్మదగినవి కావని తేలింది. మా లెక్కల ఫోల్డర్ పరిమాణం సున్నా అని చూపింది. తనిఖీకి వాడిన ఖాతాకు దాన్ని తెరిచే అనుమతి లేదు, అంతే. చదవలేకపోయిన ఫోల్డర్ల జాబితాను విడిగా ఇవ్వని నివేదికకు విలువ లేదు. “మూడేళ్లుగా తెరవని ఫైళ్లు” అన్న గడి మరీ ప్రమాదకరం. ఫైలు చివరిసారి ఎప్పుడు తెరిచారో నమోదు చేయడం వేగాన్ని తగ్గిస్తుందని విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ దాన్ని ముందుగానే ఆపి ఉంచింది, నాస్ పెట్టెల్లో కూడా ఆపే వీలుంటుంది. ఆపి ఉంచిన చోట, నిన్న తెరిచిన ఫైలు కూడా ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనిదిగానే కనిపిస్తుంది.

తొలగించిన ఫైళ్లు రీసైకిల్ బిన్‌లో ఉంటాయని ధైర్యంగా ఉన్నాను. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో తొలగించినవి మన కంప్యూటర్ బిన్‌లోకి రావు, నేరుగా పోతాయి. నాస్ పెట్టెకు తన సొంత బిన్ ఉంటుంది గానీ, మేము దాన్ని ఆన్ చేయలేదు. విడి హార్డ్ డిస్కులో నలభై ఒక్క పుస్తకాల ప్రతులు దొరికాయి. మిగిలిన పందొమ్మిదింటి కోసం బొబ్బిలి, రాజాం, శ్రీకాకుళం తిరిగి, యజమానులను బతిమాలి, పుస్తకాలు తెచ్చి మళ్లీ స్కాన్ చేశాము. బొబ్బిలిలో ఒక వైణికుల ఇంట్లో మాత్రం, మేము తిరిగి ఇచ్చిన మూడు పుస్తకాలనూ ఈలోగా చెదలు తినేశాయి. “మీ దగ్గర ఉన్నాయి కదా బాబూ అని నిశ్చింతగా ఉన్నాం” అని ఆ పెద్దావిడ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ స్వరాలు ఇక ఎక్కడా లేవు.

అమ్మిన సంస్థ, పోల్చే పద్ధతిని సెట్టింగుల్లో మార్చుకోవచ్చనీ, మార్చుకోకపోవడం మా తప్పనీ సమాధానమిచ్చింది. ఆ సెట్టింగు ఉన్నమాట నిజమే. కానీ తొలగించే మీటను పక్కనే పెట్టి, లోపలి విషయాన్ని చూడకుండా పోల్చడాన్ని ముందుగా అమర్చి ఇవ్వడం ఏ రకమైన బాధ్యతో వారు చెప్పలేదు. బిల్లు, ఉత్తరాలు జతచేసి 1915 నంబరు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించాను. వ్యాపారానికి కొన్న వస్తువు కనుక చట్టం వర్తించదని కొందరు భయపెడతారు. సొంత జీవనోపాధి కోసం స్వయంగా పని చేసుకునేవారు వాడుకునేందుకు కొన్నదానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది.

కొనేముందు ఈ చిన్న పరీక్ష తప్పక చేయండి. నోట్‌ప్యాడ్‌లో ఒక ఫైలులో “రామ” అని వెయ్యిసార్లు, మరొక ఫైలులో “సీత” అని వెయ్యిసార్లు కాపీ చేసి, రెండింటికీ 001 అనే పేరు పెట్టి వేర్వేరు ఫోల్డర్లలో దాయండి. రెండు పదాలకూ బైట్లు సమానమే కనుక పేరూ పరిమాణమూ ఒకటిగా ఉంటాయి. ఆ రెండింటినీ డూప్లికేట్లని చూపే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టకండి. ఆ ఫైళ్లను నేను ఒక పెన్ డ్రైవ్‌లో సిద్ధంగా ఉంచాను, మా దుకాణానికి వచ్చిన ఎవరికైనా కాపీ చేసి ఇస్తాను.