దివ్యాంగుల బోగీనా, స్లీపర్‌లో కోటా బెర్తా?

నల్గొండ నుంచి తిరుపతికి వీల్‌చైర్‌లో ఉన్న మా తమ్ముడితో రెండు రకాలుగా వెళ్లొచ్చాం.

స్లీపర్‌లో వికలాంగుల కోటా కింద బండికి 4 బెర్తులుంటాయి, రెండు కింద, రెండు మధ్యలో. తోడు లేకుండా ప్రయాణించలేని వాళ్లకు టికెట్‌లో 75 శాతం రాయితీ, తోడు వెళ్లే ఒకరికీ అంతే. రైల్వే వాళ్లిచ్చే కార్డు ముందే చేయించుకుంటే ఆన్‌లైన్‌లోనే బుక్ అవుతుంది. రాత్రంతా నిద్ర గ్యారంటీ. కానీ ఎక్కడమే పెద్ద తంటా: తలుపు ఇరుకు, మెట్లు నిటారు, బండి ఆగేది కాసేపే. బాపు చంకల కింద, నేను మోకాళ్ల దగ్గర పట్టుకుని తమ్ముణ్ణి లోపలికి లేపుతుంటే, వెనక ఎవరో "జల్దీ జల్దీ" అని అరుస్తున్నారు, వీల్‌చైర్ ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఇక టాయిలెట్ సంగతి చెప్పక్కర్లేదు. వాడు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేశాడు.

దివ్యాంగుల బోగీలో తలుపు వెడల్పు, టాయిలెట్ పెద్దది, గోడకు పట్టుకునే రాడ్లు కూడా ఉంటాయి. కాకపోతే అది సాధారణంగా బండి చివర్లో ఉంటుంది, ఏ చివరో ముందే కనుక్కోకపోతే ప్లాట్‌ఫారం పొడుగునా ఉరుకుడే. పైగా మేం ఎక్కేసరికి కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లే సీట్లన్నీ ఆక్రమించుకున్నారు (అడిగితే ఒకాయన నిద్ర నటించాడు). రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తానన్నాకే లేచారు.

పగటి ప్రయాణమైతే నేను దివ్యాంగుల బోగీకే ఓటేస్తా, రాత్రికి మాత్రం స్లీపరే, అదీ మోయడానికి ఇద్దరుంటేనే. తమ్ముణ్ణి అడిగితే మాత్రం పగలైనా రాత్రైనా పెద్ద టాయిలెట్ ఉన్న బోగీయే కావాలంటాడు.