వైరు యాక్సిలరేటర్ పికప్‌తో ఏడేళ్లు: రేస్ దిగకపోతే స్క్రూ జోలికి పోకండి

నాది పాత బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణం) డీజిల్ పికప్. 2017 మార్చి దాకా అమ్మిన రకం. 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మదనపల్లె మార్కెట్లో టమాటా క్రేట్లు ఎక్కించుకుని తిరుపతికి తోలడమే దాని పని. నా చేతి మీదే లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్, గేర్‌బాక్సు బాగానే ఉన్నాయి కాబట్టి వాటి గురించి చెప్పేదేమీ లేదు. నాకు నిద్ర లేకుండా చేసింది యాక్సిలరేటర్ ఒక్కటే.

ఈ బండిలో పెడల్ దగ్గర సెన్సార్లేమీ ఉండవు. పెడల్ నుంచి డీజిల్ పంపు లివర్ దాకా ఒక వైరు, ఆ లివర్‌ను వెనక్కి లాగడానికి ఒక స్ప్రింగు. కాలు తీస్తే లివర్ వెనక్కొచ్చి ఐడ్లింగ్ స్క్రూకు ఆనుకోవాలి. కాలు తీసినప్పుడు ఇంజన్ ఎంత నెమ్మదిగా ఆడాలో చెప్పేది ఈ స్క్రూనే.

మూడో వేసవిలో మొదలైంది తంటా. సిగ్నల్ దగ్గర కాలు తీసినా రేస్, అంటే ఇంజన్ తిరిగే వేగం, దిగేది కాదు. ఈ బండికి ఆర్పీఎం మీటర్ లేదు, నా చెవే మీటర్. పెడల్‌ను ఒకసారి కొట్టి వదిలితే మళ్లీ మామూలుగా ఆడేది. ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, "ఐడ్లింగ్ ఎక్కువుందన్నా" అని స్క్రూ అర చుట్టు తగ్గించాడు. రెండు వారాలు బాగుంది. డిసెంబర్ వచ్చేసరికి పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆగిపోవడం మొదలుపెట్టింది. మా దగ్గర చలి ఎలా ఉంటుందో తెలిసిందే కదా. ఇంకో ఆయన అదే స్క్రూ పెంచాడు. మధ్యలో నేనూ ఒకసారి స్పానర్ పట్టాను, దాచుకోవడం ఎందుకు. మూడో ఆయన పంపు దించి కాలిబ్రేషన్ చేయించాలన్నాడు. పన్నెండు వేలు.

ఆ డబ్బు సర్దుకునేలోపే ఒక రాత్రి తిరుపతి దారిలోని భాకరాపేట ఘాట్‌లో రేస్ పట్టేసింది. ఫుల్ లోడు, దిగుడు. మలుపుకు ముందు కాలు తీశాను, బండి మాత్రం తోసుకుంటూనే పోతోంది. క్లచ్ తొక్కితే ఇంజన్ కేకలు పెట్టింది. న్యూట్రల్ చేసి, బ్రేకు ఒకే పట్టుగా తొక్కి, కొండవైపు ఆపాను. బండి కదులుతుండగా తాళం తిప్పలేదు. నా బండిలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకాలే ఉంటుంది. ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది. ఆ తర్వాత రెండు మూడు తొక్కులకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం వేరే.

బండి పూర్తిగా నిలిచాక తాళం తిప్పితే ఇంజన్ వెంటనే ఆగింది. అక్కడే నాకు సగం టెన్షన్ పోయింది. టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ రేస్ అయితే తాళానికి లొంగదు, వెనకాల పొగ దుప్పటిలా కమ్ముతుంది. ఇక్కడ పొగా లేదు, మొండితనమూ లేదు. అంటే పంపు లివరే డీజిల్ ఇస్తోందన్నమాట.

బానెట్ ఎత్తి ఫోన్ లైటు వేశాను. లివరుకూ స్క్రూకూ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు! వేలితో నెడితే టక్కుమని వెళ్లి ఆనుకుంది. ఇన్నాళ్లూ ముగ్గురం కలిసి తిప్పిన స్క్రూను ఆ లివర్ అసలు తాకడమే లేదు.

మర్నాడు ఇంటి దగ్గర లివర్ నుంచి వైరు కొన ఊడదీశాను. ఒట్టి లివర్‌ను పదిసార్లు లాగి వదిలితే పదిసార్లూ తిరిగొచ్చింది. కాబట్టి పంపు, స్ప్రింగు రెండూ బాగున్నాయి. ఇక వైరు ఒక్కదాన్నే లాగి చూస్తే ఒకచోట ఇసుక మీద లాగినట్టు గరగర. ఇన్నర్ (లోపలి తీగ) బయటికి తీసి గుడ్డతో తుడుస్తుంటే వేలికి సూదిలా గుచ్చుకుంది. ఒక పోగు తెగి మెలిక తిరిగి ఉంది. సరిగ్గా అదే చోట ఔటర్ (పై తొడుగు), ఇంజన్ పొగ బయటికి పోయే మానిఫోల్డ్ వేడికి మెత్తబడి లోపలి ప్లాస్టిక్ ముడుచుకుపోయింది. కొత్త వైరు నాలుగు వందల యాభై, అరగంట పని. పన్నెండు వేలు మిగిలాయి. ఆ తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాకే ఐడ్లింగ్ సరిచేయించాను. చల్లటి ఇంజన్ మీద సెట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకోసారి ఇలాగే జరిగితే ఈసారి వైరు తప్పేం లేదు. నేను మోజుపడి వేయించిన మందపాటి రబ్బరు మ్యాట్ ముడతపడి పెడల్‌ను పైకి రానివ్వకుండా పట్టేసింది. తీసి పడేశాను.

మా తమ్ముడిది 2021 బీఎస్-6 బండి. పెడల్ దగ్గరే రెండు సెన్సార్లు ఉంటాయి. వాటి లెక్క కలవకపోతే లైటు వెలిగి బండి తనంతట తనే నెమ్మదిస్తుంది, రేస్ మాత్రం పట్టదు. నిజం చెప్పాలంటే ఘాట్‌లో రాత్రిపూట వాడి బండే నయం. కానీ దారిలో ఆగితే వేలితో నెట్టి చూసుకునే వీలు వాడికి లేదు. లోడుతో సహా స్కానర్ ఉన్న షెడ్డు దాకా లాగించుకోవాలి, ఈలోపు టమాటా మెత్తబడుతుంది. అందుకే మార్చమని ఎంతమంది చెప్పినా నేను వైరు బండి వదల్లేదు.

లోపం లేదనను. వైరును మానిఫోల్డ్‌కు దూరంగా పట్టి ఉంచే క్లిప్పు నాసిరకం. దుమ్ములో తిరిగే బండికి వైరు రెండేళ్లకు మించి రాదు. ఇప్పుడు ఇనప పట్టీ వేయించి, సీటు కింద ఒక కొత్త వైరు పడేసి ఉంచాను. ఈ రకం పాత బండి కొనబోయేవాళ్లు టైర్ల కంటే ముందు ఐడ్లింగ్ స్క్రూ లాక్ నట్ చూడండి. దాని మీద స్పానర్ గీతలు మెరుస్తుంటే, బేరం ఆడేముందు ఒకసారి వైరు ఊడదీసి లాగి చూడండి.